పక్కనే వేల ఫ్లాట్లు వస్తుంటే అభ్యంతరం ఎలా రాయాలి?

ప్రశ్న: మా కాలనీ పక్క ఖాళీ స్థలంలో పెద్ద హౌసింగ్ ప్రాజెక్టు ప్లాన్ పెట్టారండీ, అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు, అందరం ఒకే లెటర్ మీద సంతకాలు పెట్టి ఇస్తే సరిపోతుందా?

జవాబు: సంతకాలు పెట్టండి, కానీ దాంతో ఆగకండి. ఒకే లెటర్ వంద కాపీలొచ్చినా చాలాచోట్ల దాన్ని ఒక్క పాయింటుగానే చూస్తారు, అదే ఎవరికివాళ్లు తమ ఇబ్బంది విడిగా రాస్తే అంత తేలిగ్గా పక్కన పెట్టలేరు. ఇళ్ల రేట్లు పడిపోతాయి, వ్యూ పోతుంది అనేవి మామూలుగా లెక్కలోకి తీసుకోరు. అసలు గట్టిగా పట్టుకోవాల్సింది నీళ్ల సంగతి, ఇప్పుడు మట్టిలో ఇంకుతున్న వాన రేపు కాంక్రీటు పడ్డాక చాలావరకు డ్రైనేజీలోకే పోతుంది, ఆ పైపు సైజు ఎంత, అది పొంగితే ముందు మునిగేది పల్లంలో ఉన్న ఇళ్లేనా అని సూటిగా అడగండి. ట్రాఫిక్ సర్వే ఎప్పుడు చేశారో కూడా చూడండి, స్కూళ్ల సెలవుల్లో చేసుంటే దాన్ని నమ్మడానికి లేదు. ఇళ్లు కావాల్సినవాళ్లూ మనలాంటివాళ్లే కదా, అందుకే మొత్తం వద్దనడం కన్నా రోడ్లు, మురుగు లైన్లు పూర్తయ్యాకే ఫ్లాట్లలోకి జనాన్ని రానివ్వాలని షరతు అడగడమే నాకు న్యాయంగా అనిపిస్తుంది. గడువులోపే ఇచ్చేసి, అందినట్టు రసీదు తీసుకోండి.