ఎన్నారై సందేహాలు: ముందు చక్రాల చప్పుడు, చేతి చమురు

ప్రశ్న: ఈ దేశం వచ్చి కొద్ది నెలలే అయింది. పాత కారు ఒకటి కొన్నాను. ముందువైపు నుంచి ఏదో చప్పుడు వస్తోంది. గ్యారేజీకి తీసుకెళ్తే ఎంత లాగుతారోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం నిండా డబ్బు భయమే. చప్పుడు గురించి రాసింది ఒక్క ముక్క. ప్రతి బిల్లునూ రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకునే దశ అది. మేమందరం దాటొచ్చిందే, నువ్వూ దాటుతావు. కానీ ‘ముందువైపు నుంచి ఏదో చప్పుడు’ అని గ్యారేజీలో కూడా ఇలాగే చెప్తే నీ భయం నిజమవుతుంది. వెతకడానికి పట్టే టైముకి కూడా నీ దగ్గరే వసూలు చేస్తారు.

నా మొదటి కారుకి టకటక వచ్చినప్పుడు నేను చేసింది అదే. ఆ ఒక్క ముక్క చెప్పి తాళం చేతికిచ్చేశాను. షాక్ అబ్జార్బర్లు పాతబడ్డాయని చెప్పి మార్చేశారు. పాతబడిన మాట అబద్ధం కాదు, కానీ టకటక పోలేదు. మలుపుల్లో కారు ఒరిగిపోకుండా రెండు చక్రాల మధ్య అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్‌ను చక్రం వైపు కలిపే చిన్న లింకు రాడ్ అరిగిపోయిందని ఆ తర్వాత తేలింది. ఒక చక్రం మాత్రమే గుంతలో పడితే చప్పుడు గట్టిగా వచ్చేది, రెండు చక్రాలూ కలిసి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే తగ్గేది. రెండూ కలిసి లేస్తే ఆ బార్ మెలితిరగదు, లింకుల మీద లాగుడు ఉండదు. రోజూ నా చెవిన పడుతున్న తేడాయే, చెప్పాలని తోచలేదు. షాక్‌ల ఖర్చుతో పోలిస్తే లింకు ఖర్చు ఏపాటి! ఇప్పటికీ తలచుకుంటే కడుపు మండుతుంది.

అందుకే ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో కిటికీలు దించి, పాటలు ఆపి, మెల్లగా నడిపి చూడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కాస్త యాక్సిలరేటర్ నొక్కితే టక్ టక్ అని లయగా వస్తే ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్‌ను అనుమానించు. దాని రబ్బరు తొడుగు చిరిగితే చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటుంది, వంగి చూస్తే కనబడుతుంది. కారు నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడే స్ప్రింగు మెలిపడి వదిలినట్టు ‘టంగ్’మంటే షాక్ పైన ఉండి దాన్ని కారు బాడీకి పట్టి ఉంచే మౌంటు. వేగంతో పాటు పెరిగే హోరు అయితే బేరింగ్ కావచ్చు, టైరు అరుగుదల కూడా కావచ్చు. ఎడమ వంపులో పెరిగితే సాధారణంగా కుడి బేరింగ్, ఎందుకంటే బరువు అటు పడుతుంది. బ్రేకు మీద కాలు ఊరికే ఆనిస్తే గలగల ఆగిపోయిందా? బ్రేకు ప్యాడ్లను చూడమను, సస్పెన్షన్ (షాక్‌లు, స్ప్రింగులు వగైరా) జోలికి పోనివ్వకు. బ్రేకు వేసినప్పుడల్లా ‘దబ్’మని ఒక్క దెబ్బ వినిపిస్తే చక్రాన్ని కారు చట్రానికి కలిపే కంట్రోల్ ఆర్మ్ రబ్బరు బుష్. అన్నిటికంటే ముందు వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకో, ఖర్చు లేని పని.

ఎటువైపు నుంచి వస్తోందో చెవిని నమ్మి తేల్చేయకు. ఇనుములో చప్పుడు పాకుతుంది, కుడివైపుది ఎడమవైపుదిలా వినిపిస్తుంది.

ఇక పైసలు ఎక్కడ బిగబట్టకూడదో విను. చక్రాన్ని ఆ కంట్రోల్ ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి ఒరిగిపోతుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివర ఊడితే ఆ చక్రం స్టీరింగ్ మాట వినదు. బాగా హోరెత్తే బేరింగ్‌తో హైవే ఎక్కకు. కారు పైకెత్తి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపితే ఆడితే సాధారణంగా టై రాడ్. పైనా కిందా పట్టుకుంటే ఆడితే బాల్ జాయింటో బేరింగో. కొన్ని కార్లలో జాకీ పెట్టిన చోటుని బట్టి బాల్ జాయింట్ లూజు బయటపడదు కాబట్టి, ఆడలేదని ధీమాగా ఉండకు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద తల పెట్టకు, స్టాండ్లు ఉండాలి. ఇంటర్నెట్లో వీడియోలు చూసి మీ కుర్రకారు చేసే సాహసాలు నాకు తెలుసు.

కారు తనిఖీ రూల్సు మీ ప్రాంతపు రవాణా శాఖ సైటులో ఉంటాయి, చూసుకో.

గ్యారేజీలో మాత్రం ‘ఎడమకి తిప్పి బయల్దేరితే టక్కుమంటోంది’ అన్నట్టు చెప్పు. కారు లిఫ్టు మీద ఉండగా ఆ లూజు నీ కళ్ళకి చూపించమను, అంచనా రాతపూర్వకంగా తీసుకో. టై రాడ్ మారిస్తే చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ కూడా చేయించు. అది మిగుల్చుకుందామనుకుని కొత్త టైర్లకి కట్టుకున్నవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు. లింకు రాడ్ అని తేలితే, ఊడి వేలాడకుండా ఉన్నంతవరకూ, వచ్చే జీతం దాకా ఆగొచ్చు.