పాప లిప్‌స్టిక్ అడిగినప్పుడు

ఈమధ్య ఒక తల్లి నన్ను అడిగిన సందేహంతో మొదలుపెడతాను. వాళ్ల కుటుంబం అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. ఏడేళ్ల పాప తోటిపిల్ల పుట్టినరోజుకు వెళ్లి, రిటర్న్ గిఫ్టుగా ఇచ్చిన సంచీలో మెరుపుల లిప్‌గ్లాస్, గులాబీ రంగు గోళ్లరంగు తెచ్చుకుంది. మర్నాడు బడికి అవి వేసుకునే వెళ్తానని పట్టుబట్టింది. తండ్రికి కోపం వచ్చి ఆ సంచీని తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశారు. పాప రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. వచ్చే శనివారం మరో పాప ఇంట్లో పార్టీ ఉంది, అక్కడ ఆడపిల్లలందరికీ గోళ్లరంగులు వేసి ముఖానికి మేకప్ చేస్తారట. "పంపాలా, మానాలా? ఇంత చిన్న వయసులోనే ఇక్కడి అలవాట్లు అంటుకుంటే రేపు పిల్ల మన మాట వింటుందా?" అని ఆమె బెంగ.

అమ్మా, నేను ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఇద్దరు ఆడపిల్లలను ఇక్కడే పెంచాను. మీ ఇంట్లో జరిగినది దాదాపు ఇలాగే మా ఇంట్లోనూ జరిగింది కనుక, అప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని అనిపించిన సంగతులనే మీకు చెబుతున్నాను. రంగుల మీద పిల్లకు కలిగే సరదా వేరు, తన ముఖం బాగాలేదన్న దిగులుతో మేకప్ అడగడం వేరు. ఆ డబ్బాలో ఉన్న పదార్థం ఒంటికి మంచిదా కాదా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. మనం కోపమంతా సరదా మీద చూపిస్తాం. అసలు పట్టించుకోవలసిన మిగతా రెండూ మన కళ్ల ముందే ఉన్నా గమనించం.

ముందుగా "ఇది మన పద్ధతి కాదు" అన్న మాటను పక్కన పెట్టమని కోరుతున్నాను, ఎందుకంటే అది నిజం కాదు, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు. పుట్టిన పదకొండో రోజున బారసాలకు కాటుక దిద్ది, దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెట్టి, చేతులకు నల్లగాజులు వేసి ఫొటోలు తీసింది మనమే. కూచిపూడి నేర్చుకునే పిల్లకు వార్షికోత్సవం నాడు బుగ్గలకు ఎరుపు, కళ్లకు పొడవాటి గీత, పెదవులకు ముదురు రంగు వేసి వేదిక ఎక్కించేదీ మనమే. ఆ సాయంత్రం చుట్టూ చేరి ముద్దులు కురిపించిన పెద్దవాళ్లే, మర్నాడు అదే పిల్ల అదే రంగు అడిగితే తప్పు చేసినట్టు చూస్తే, పిల్ల నేర్చుకునేది క్రమశిక్షణ కాదు, దాచుకోవడం. వద్దనాలంటే కారణం చెప్పండి. "వేదిక మీద దూరం నుంచి కనిపించడానికి అలా వేస్తారు, బడిలో ఆ అవసరం లేదు" అంటే ఏడేళ్ల పిల్లకు అర్థమవుతుంది.

మా పెద్దమ్మాయికి అయిదేళ్లప్పుడు ఒక సాయంత్రం బాత్‌రూమ్ తలుపు తోసి చూస్తే, స్టూలు మీద నిలబడి నా లిప్‌స్టిక్ ముక్కు దాకా పూసుకుని ఉంది. అద్దం మీద గీతలు, పళ్లబ్రష్షు మీద గీతలు, భుజాన నా హ్యాండ్‌బ్యాగు. నేను నోరు తెరిచేలోపే "అమ్మా, నాకు మీటింగ్ ఉంది, తర్వాత మాట్లాడతాను" అంది. ఆ బిడ్డ అందంగా కనబడాలని ప్రయత్నించడం లేదు, ఆఫీసుకు వెళ్లే అమ్మగా ఆడుకుంటోంది. ఆ రోజు కసిరి ఉంటే నేను కసిరింది తనకు నా మీదున్న ఇష్టాన్నే అయ్యేది. అందుకే పిల్ల మొదటిసారి అడిగినప్పుడు, అవుననో కాదనో చెప్పేముందు "ఎందుకు వేసుకోవాలనిపించింది?" అని మామూలు గొంతుతో అడగండి. స్నేహితురాళ్లంతా వేసుకున్నారనో, రంగు బాగుందనో, మీలా ఉండాలనో చెబితే కంగారు పడవలసినది ఏమీ లేదు.

కానీ ఒక జవాబు వింటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి కూర్చోండి. మా చిన్నమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు, ఒక వేడుకకు ముందు, తన చర్మం కంటే బాగా తెల్లగా ఉన్న ఫౌండేషన్ కావాలని అడిగింది. ఎందుకని అడిగితే చాలాసేపు చెప్పలేదు. చివరకు తెలిసిందేమిటంటే, అంతకు కొన్ని నెలల ముందు వీడియో కాల్‌లో దగ్గరి బంధువు ఒకరు "ఎండలో తిరిగి రంగు తగ్గిపోయిందే" అని నవ్వుతూ అన్నారట. అన్నవారికి గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు, పిల్లకు మాత్రం ఆ మాట, ఆ రోజు తను వేసుకున్న గౌనుతో సహా గుర్తుంది. తరగతిలో తన రంగు పిల్లలు ఒకరో ఇద్దరో ఉండే చోట పెరిగే బిడ్డకు, బయటి నుంచి వచ్చే చూపులు ఎలాగూ ఉంటాయి. ఇంట్లోంచి కూడా అదే మాట వస్తే ఇక ఎక్కడికి వెళుతుంది? నేను ఆ ఫౌండేషన్ కొనలేదు. కానీ అంతకంటే ముందు ఊరికి ఫోన్ చేసి, పెద్దవాళ్లను నొప్పించకుండానే, పిల్ల వింటుండగా రంగు గురించి, లావు గురించి మాట ఎత్తవద్దని బతిమాలుకున్నాను. అది తేలికైన ఫోన్ కాదు, అయినా నా పిల్లల కోసం నేను చేసిన మంచి పనుల్లో దాన్ని ఒకటిగా లెక్కపెట్టుకుంటాను.

రంగు మాట వచ్చింది కనుక ఇంకొకటి. తెల్లబరిచే క్రీములను సూట్‌కేసులో తెచ్చుకోవడం, వచ్చేవాళ్ల చేత తెప్పించుకోవడం మనలో కొత్త కాదు. వివిధ దేశాల నుంచి వచ్చే అలాంటి క్రీముల్లో కొన్నింటిలో పాదరసం ఉంటుందని, ఆహారం, మందులు, సౌందర్య సాధనాలను పర్యవేక్షించే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ పదే పదే హెచ్చరిస్తోంది. కంటికి వాడే కొన్నింటికి ఇచ్చిన మినహాయింపు తప్పిస్తే, సౌందర్య సాధనాల్లో పాదరసం 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, మించకూడదన్నది ఇక్కడి నియమం. డబ్బా మీద కలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, మెర్క్యురిక్ వంటి మాటలు కనబడినా, అసలు పదార్థాల జాబితాయే లేకపోయినా వాడకండి. క్రీము పూసుకున్నది తల్లే అయినా, ఆ చేతులతో ఎత్తుకున్న పసిబిడ్డకు కూడా అది అంటుతుంది.

కాటుక గురించి చెప్పడానికి నాకు కాస్త బాధగానే ఉంటుంది. అమ్మమ్మ ప్రేమతో చేసి పంపిన చిన్న వెండి భరిణెను అనుమానించమని ఎవరికి చెప్పబుద్ధవుతుంది? అయినా చెప్పక తప్పదు. కాటుక, సుర్మా, కోల్ అనే పేర్లతో అమ్మే సంప్రదాయ కంటి రంగుల్లో కొన్నింటిలో సీసం పెద్ద మొత్తంలో ఉంటుంది. ఈ కంటి రంగులను సౌందర్య సాధనాల్లో రంగుగా వాడడానికి అమెరికాలో అనుమతి లేదు, అందువల్ల చట్టప్రకారం దిగుమతి కూడా చేసుకోకూడదు. పసిపిల్లలు కళ్లు నులుముకుని అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు, సీసం ఒంట్లోకి వెళ్లే దారుల్లో అదొకటి. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది, పైకి మాత్రం చాలాకాలం ఏమీ కనబడదు. రక్తంలో ఇంతవరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పగల స్థాయి ఏదీ తెలియదని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ అంటుంది. మిగతా పిల్లల కంటే ఎక్కువ సీసం ఉన్నవారిని గుర్తించడానికి పెట్టుకున్న కొలతను కూడా 2021లో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కు తగ్గించింది. ఆముదపు దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకకూ అంగట్లో కొన్నదానికీ తేడా ఉందని మీరు అనవచ్చు, ఉండవచ్చు కూడా. అయితే నల్లటి ముద్దను కంటితో చూసి అందులో సీసం ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇప్పటికే వాడుతూ ఉంటే, సిగ్గుపడకుండా పిల్లల డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి, వాళ్లు మిమ్మల్ని తప్పుపట్టరు. బారసాల ముచ్చటకు కాటుకే కావాలంటే అరికాలి మీదా బుగ్గ మీదా కాకుండా ఫ్రేము కట్టించిన మీ పాత ఫొటోలోనే ఉండనివ్వండి.

ఇక్కడి దుకాణంలో కొన్నది కదా, ప్రభుత్వం పరీక్షించే ఉంటుంది అన్న ధీమా కొత్తగా వచ్చిన చాలామందిలో చూశాను. అది సరికాదు. రంగు పదార్థాలకు మాత్రమే ముందస్తు అనుమతి కావాలి. మిగతా మేకప్‌ను మార్కెట్లోకి తెచ్చే ముందు ఎఫ్‌డీఏ ఆమోదించదు. 1938 నాటి చట్టానికి 2022 డిసెంబరులో పెద్ద సవరణ జరిగి, హాని చేసేవాటిని వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం ఆ సంస్థకు వచ్చింది గాని, ముందుగా పరీక్షించే పద్ధతి ఇప్పటికీ లేదు. 2019 మార్చిలో, బడి పిల్లలు ఎగబడి కొనే ఒక దుకాణాల సంస్థ అమ్మిన కొన్ని పౌడరు రంగుల్లో ఆస్బెస్టాస్ (పీల్చితే క్యాన్సర్ తెచ్చే పీచు ఖనిజం) దొరికిందని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పౌడర్లలో వాడే టాల్క్ అనే మెత్తటి ఖనిజం, ఆస్బెస్టాస్ భూమిలో పక్కపక్కనే దొరకడం వల్ల ఒకదానితో ఒకటి కలిసే అవకాశం ఉంటుంది. అందుకని చిన్నపిల్లల ముఖం దగ్గర ఎగిరే పొడి రంగులు నేను వాడనివ్వలేదు. "హైపోఅలర్జెనిక్" (అలర్జీ తక్కువగా కలిగించేది) అన్న మాటకు కూడా ఇక్కడ చట్టం ఇచ్చిన నిర్వచనం లేదు, ఎవరైనా రాసుకోవచ్చు.

ఇప్పటి పిల్లలు లిప్‌స్టిక్‌తో ఆగడం లేదు, పదేళ్లు నిండకుండానే సీరమ్‌లు అడుగుతున్నారు. వయసు కనబడకుండా చేస్తామని చెప్పే రెటినాల్, ఆమ్లాలు కలిసిన క్రీములు పెద్దవాళ్ల చర్మానికి ఉద్దేశించినవి. పిల్లల చర్మం తనంతట తానే త్వరత్వరగా కొత్త పొరలు వేసుకుంటుంది. దానికి ఇవి పూస్తే ఎరుపెక్కడం, మంట, పొట్టు రేగడం, ఎండ తగిలితే తొందరగా కమిలిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. లిప్‌గ్లాస్ విషయంలో నేను తేలిగ్గా సర్దుకుంటాను గాని, ఇక్కడ మాత్రం ఖచ్చితంగా కాదంటాను. పిల్ల ముఖానికి కావలసినవి గోరువెచ్చని నీళ్లు, గాఢత లేని సబ్బు, మాయిశ్చరైజర్, బయటికి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్, అంతే. ఈ సీరమ్‌ల సంగతి పిల్లకు ఎక్కడ తెలిసిందో కనుక్కుంటే చాలావరకు ఫోన్‌లో చూసిన వీడియోలే బయటపడతాయి. చాలా సామాజిక మాధ్యమాల ఖాతాలకు కనీస వయసు 13 అని వాళ్ల నియమాల్లోనే ఉంది, దాన్ని మనం గట్టిగా పట్టుకోవచ్చు.

సంతల్లో, బీచ్‌ల దగ్గర వేసే నల్ల గోరింటాకు విషయంలోనూ జాగ్రత్త. అసలు గోరింటాకు ఎర్రగా, నారింజ రంగులో పండుతుందని మనకు తెలియనిది కాదు. కొద్ది నిమిషాల్లో నల్లగా పండేదాంట్లో జుట్టురంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. దానివల్ల బొబ్బలు, మచ్చలు రావడమే కాక, తర్వాత జీవితంలో జుట్టుకు రంగు వేసుకోవాలన్నా పడకుండా పోవచ్చు.

మా ఇంట్లో పెట్టుకున్న కట్టుబాట్లు ఇలా ఉండేవి. సొంతంగా ఒక చిన్న పెట్టె, అందులో ఒక లిప్ బామ్, ఒక గోళ్లరంగు. శని, ఆదివారాల్లో ఇంట్లో వేసుకోవచ్చు. గోళ్లరంగు వేసేటప్పుడు కిటికీ తెరవాలి, ఆరేదాకా చేతులు నోటి దగ్గరికి పోకూడదు, ఇంకా నోట్లో వేళ్లు పెట్టుకునే వయసైతే అసలు వద్దు. కంటికి వాడేవి ఎవరితోనూ పంచుకోకూడదు, ఎందుకంటే కళ్లకలక ఒకరి నుంచి ఒకరికి అలాగే వస్తుంది. నిద్రకు ముందు కడుక్కోవడం తప్పనిసరి. బడికి వేసుకోవచ్చా అన్నది బడి ఇచ్చే నియమాల పుస్తకం చూసి చెప్పేదాన్ని, అప్పుడు కాదన్నది నేను కాకుండా బడి అయ్యేది. ఇంట్లో పసివాడు ఉంటే ఈ పెట్టె, ముఖ్యంగా గోళ్లరంగు చెరిపే సీసా, వాడికి అందనంత ఎత్తులో ఉండాలి. పొరపాటున తాగితే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు. ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా మాత్రం నేరుగా 911కే ఫోన్ చేయండి.

మగపిల్లవాడు అక్కను చూసి గోళ్లరంగు అడిగినా ఇవే కట్టుబాట్లు. దాన్ని గురించి వెక్కిరింపు గాని, భయం గాని అక్కరలేదు.

శనివారం సంగతికి వస్తాను. మీ పాపను పంపండి. ముందురోజే ఆ ఇంటి తల్లికి "మా పాప చర్మం సున్నితం, గోళ్లరంగు ఫరవాలేదు, కంటి మేకప్ మాత్రం వద్దు" అని ఒక మెసేజ్ పెట్టండి. ఇక్కడ అలా చెప్పడం మర్యాద తక్కువ కాదు, వాళ్లు సంతోషంగా పాటిస్తారు. పాప చేతికి తన సొంత లిప్ బామ్ ఇచ్చి, ఒకరిది ఒకరు పెట్టుకోవద్దని చెప్పండి. చెత్తబుట్టలో వేసిన సంచీ గురించి, పార్టీకి బయలుదేరే ముందే, తండ్రి చేతనే ఒక మాట చెప్పించండి: "నిన్ను అడగకుండా పడేశాను, అలా చేసి ఉండకూడదమ్మా." తిరిగి వచ్చాక ఆ రంగుల గోళ్లను ముందుగా ఆయనకే చూపించమనండి.