జిమ్నీ స్టెబిలైజర్ బార్ విప్పే ముందు

కడప.

చిరంజీవి అల్లునికి,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. "అన్నా, వీడు బండి కింద దూరి ఏందో కడ్డీ తీసి పారేస్తాడంట, నాకు గుండె దడగా ఉంది" అనింది. ముందు పక్క కడ్డీ అనగానే నాకు అర్థమైపోయింది. మారుతి జిమ్నీకి రెండంగుళాల ఎత్తు పెంచే లిఫ్ట్ నీ చేత్తో నువ్వే వేసుకున్నావని విన్నప్పుడు ఒళ్ళు పొంగింది రా అబ్బీ. రాళ్ళ దారిలో చక్రాలు బాగా ఆడాలని స్టెబిలైజర్ బార్ తీసి మూలన పెట్టి, అదే బండిలో మీ అమ్మను ఎక్కించుకొని గువ్వలచెరువు ఘాట్ దిగి కడపకు వస్తావని విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే కూర్చొని రాస్తా ఉన్నా. మొత్తం చదివినాకే పానా పట్టుకో.

ఆ బార్ చేసే పని ఒక్కటే. యూ ఆకారంలో వంచిన స్ప్రింగు ఉక్కు కడ్డీ అది. నడుమ భాగం రెండు రబ్బరు బుష్‌లలో కూర్చుంటుంది, కొసలు రెండూ లింకులనే చిన్న కడ్డీలతో కలుస్తాయి. ఛాసిస్ అనే బండి చట్రానికీ, ఆక్సిల్ అనే ముందు ఇరుసుకూ మధ్య అదొక బంధం. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, దేనికీ అడ్డురాదు. ఒక చక్రం రాయెక్కి రెండోది గుంతలో దిగితే మెలిపడి, రెండింటినీ ఒక ఎత్తులో ఉంచాలని చూస్తుంది. నీకు అడ్డం అనిపించేది ఆ మెలికే. మలుపులో బండి ఒరగబోతే పట్టి నిలిపేదీ ఆ మెలికే.

నీ బండి కొలతలు ఒకసారి గుర్తు చేసుకో. వెడల్పు 1645 మిల్లీమీటర్లు, ఎత్తు 1720. కంపెనీ నుంచి వచ్చినప్పుడే వెడల్పు కంటే ఎత్తు జాస్తి. నువ్వు ఇంకో 50 పెంచినావు, 1770 అయింది. వెడల్పు అంతే ఉంది. బరువు పైకి పోయిన బండికి ఒరుగుడు ఆపే కడ్డీ ఇంకా అవసరం పడుతుంది, నువ్వేమో అదే తీస్తానంటావు.

గట్టి షాకులు వేస్తే సరిపోతుందని ఎవరో చెప్పినారంట గదా. షాక్ అబ్జార్బర్ ఒరుగుడును నెమ్మది చేస్తుంది, తగ్గించదు. స్టీరింగ్ టక్కున తిప్పి వదిలేటప్పుడు కొంత ఆదుకుంటుంది. ఘాట్‌లో పొడుగు మలుపు పట్టుకొని పోయేటప్పుడు బండి ఎంత ఒరగాలో అంతా ఒరిగే తీరుతుంది. దాన్ని పట్టేవి స్ప్రింగులూ బారూ మాత్రమే. ఇంకొకటి, జిమ్నీకి బార్ ఉండేది ముందు పక్కనే. అది తీసేస్తే మలుపులో ఒరిగే బరువును ఆపే పనిలో వెనక ఆక్సిల్ వాటా పెరుగుతుంది. కుక్కో మేకో అడ్డం వచ్చి స్టీరింగ్ విదిలించినప్పుడు వెనక భాగం జారే గుణం వస్తుంది. బండి జారకుండా తనంతట తానే బ్రేకులు వేసే ఈఎస్‌పీ ఉంది గదా అంటావేమో. కంపెనీ వాళ్ళు దాన్ని బార్ ఉన్న బండికి, లిఫ్ట్ లేని బండికి సరిచేసి పెట్టినారు.

ఇంత చేసి నీకు దక్కేది ఎంత? జిమ్నీ ముందు ఆక్సిల్‌ను పట్టుకునే రేడియస్ ఆర్మ్ ఒక్కోదానికి ఆక్సిల్ దగ్గర రెండేసి బుష్‌లు ఉంటాయి. ఆక్సిల్ ఒక పక్కకు వంగాలంటే ఆ బుష్‌లు పిండుకుపోవాల. అంటే బార్ తీసినా ఆ బుష్‌లే ఇంకో చిన్న బార్ మాదిరి అడ్డుపడతాయి. పాత కమాను కట్టల జీపుల్లో బార్ తీస్తే వచ్చినంత తేడా దీంట్లో రాదు. పైగా గాల్లో లేచి వట్టిగా తిరిగే చక్రానికి బ్రేకు వేసి, నేల మీదున్న చక్రానికి బలం పంపే ఏర్పాటు నీ బండిలో ఉంది. ఒక చక్రం లేచినంత మాత్రాన నువ్వు ఇరుక్కుపోవు.

పోయే నేల కూడా చూసుకో. పెన్నా ఇసుకలో బార్ ఉన్నా లేకున్నా ఒకటే, అక్కడ టైర్లలో గాలి తగ్గించడమే మందు. తడిసిన నల్లరేగడిలోనూ అంతే. వంక గట్టును ఏటవాలుగా ఎక్కేటప్పుడు, గండికోట పక్క బండరాళ్ళ మాదిరి నేల మీద అడుగడుగు పోయేటప్పుడు బార్ విప్పితే లాభం ఉంది. అక్కడ కూడా ముందు గాలి 18, 20 పీఎస్ఐకి దించి చూడు. సగం పని దాంతోనే అవుతుంది. వెనక్కి వచ్చినాక నింపడానికి చిన్న కంప్రెసర్ బండిలోనే పెట్టుకో.

కాబట్టి నా మాట విను. బార్ తీసి పారెయ్యొద్దు. పిన్ను తీసి విప్పి, మళ్ళీ పిన్ను పెట్టి కలిపే లింకులు దొరుకుతాయి, అవి వేసుకో. రాళ్ళ దారి మొదట్లో విప్పు, తారు రోడ్డు ఎక్కకముందే కలుపు. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో బటన్ నొక్కితే బార్ విడిపోతుంది. వేగం గంటకు 29 కిలోమీటర్లు దాటితే మళ్ళీ తనంతట తానే కలిసిపోతుంది. దాన్ని తయారుచేసిన వాళ్ళే అంతకు మించి నమ్మలేదు.

లింకు పొడవు సంగతి జాగ్రత్త. లిఫ్ట్ వేసినాక పాత లింకులతోనే తిరుగుతా ఉంటే బార్ చేతులు, అంటే వంగిన రెండు కొసలు, వాటి కోణం తప్పి ఉంటాయి. బండి చదునుగా నిలబడినప్పుడు బార్ చేతులు నేలకు దాదాపు సమాంతరంగా, లింకులు నిలువుగా ఉండాల. లేకుంటే చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బార్ చెయ్యీ లింకూ ఒకే గీతలోకి వచ్చి, ఆ గీత దాటి తిరగబడతాయి. తిరగబడిన లింకు చక్రం పైకి వచ్చేటప్పుడు బార్‌ను ఎదురు దిక్కుకు నెట్టి, స్టీరింగ్ రాడ్డుకు తగులుకుంటుంది. రాళ్ళ మీద స్టీరింగ్ బిగుసుకుపోతే ఏమవుతుందో నీకు చెప్పబనిలేదు.

విప్పే పని పావుగంటది. ముందు రోజు రాత్రే నట్లకు తుప్పు వదిలే నూనె కొట్టు. నాపరాళ్ళ గచ్చు మాదిరి చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టు. జాకీ ఎక్కించొద్దు, చక్రాలు నేల మీదే ఉండాల. రెండు చక్రాలూ ఒక ఎత్తులో ఉంటే బార్‌లో మెలి ఉండదు, పిన్ను వేళ్ళతోనే వస్తుంది. ఒక పక్క జాకీ ఎత్తి విప్పితే ఆఖరి మర వదిలీ వదలకముందే లింకు విసురుగా వచ్చి చేతిని కొడుతుంది. గట్టిగా ఉందంటే సుత్తి తీయొద్దు, బండి ఎటు ఒరిగి ఉందో చూసి సరిచెయ్యి. పాత లింకు నట్టు తిప్పితే అది ఎక్కే మరల కడ్డీ, స్టడ్డు, కూడా తిరుగుతుంది, స్టడ్డు కొసను అలెన్ కీతోనో సన్న పానాతోనో పట్టుకో. గాలి గన్ పెడితే లోపలి బాల్ తిరిగి రబ్బరు టోపీ చినుగుతుంది. నైలాన్ నట్లు ఒకసారి విప్పితే కొత్తవి వేసుకో. రబ్బరు బుష్‌లున్న బోల్టులు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చెయ్యి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలిపడి కొన్నాళ్ళకే చినుగుతుంది.

ఇప్పుడు నన్ను రాత్రి నిద్రపోనీకుండా చేసిన విషయం. నువ్వు అప్పటికి చిన్నపిల్లోడివి. నా మెకానిక్ షెడ్డుకు వచ్చినప్పుడల్లా జాకీ పక్కన కూర్చొని, నేను విప్పిన నట్లు లెక్కపెట్టి డబ్బాలో వేసేవాడివి. అప్పట్లో లిఫ్ట్ చేసిన కమాను కట్టల బండి ఒకటి వచ్చింది, ముందు వెనక సాలిడ్ ఆక్సిళ్ళు. ఒక్క రోజు రాళ్ళ దారికి బార్ విప్పి ఇమ్మన్నారు. కింది నట్లు రెండూ విప్పి, లింకులు బార్‌కే వదిలేసి, బార్‌ను పైకి తిప్పి రెండు పక్కలా ఛాసిస్‌కు కట్టుతీగతో కట్టి పంపినా. రెండేసి చుట్లు, ప్లయరుతో మెలిపెట్టి మరీ బిగించినా. ఒక్క రోజుకే గదా అనుకున్నా.

కొసలు వదిలిన బార్ ఊరికే పడి ఉండే ఇనుము కాదు. బుష్‌లలో తిరిగే మీట అది. ప్రతి కుదుపుకూ దాని చేతుల బరువు తీగను లాగుతా ఉంటుంది. ఎడమ పక్క తీగ ఛాసిస్ బ్రాకెట్ పదును అంచు మీద పడింది. రాళ్ళలో మూడు నాలుగు గంటలు రాసుకొని తెగిపోయింది. బార్ ఒకటే ముక్క కాబట్టి ఎడమ పక్క బరువంతా కుడి తీగ మీద పడింది, అదీ తెగింది. చేతులు కిందికి వాలినాయి. లింకు కొసన బయటికున్న స్టడ్డు పోయి ఎడమ చక్రం బ్రేకు హోస్ పక్కన ఆగింది. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు తగల్లేదు. ఎడమకు తిప్పిన ప్రతిసారీ హోస్ వచ్చి ఆ మరల మీద రాసుకుంది, ఆకురాయి మీద రాసినట్టు.

బ్రేకు హోస్ లోపల సన్నని రబ్బరు గొట్టం, దాని మీద దారాల అల్లిక, ఆపైన బయటి రబ్బరు ఉంటాయి. బ్రేకు నూనె ఒత్తిడిని మోసేది ఆ అల్లికే. బయటి రబ్బరు అరిగి, దారాలు తెగడం మొదలైనప్పుడు డ్రైవరుకు ఏమీ తెలియలేదు. సందకాడ గువ్వలచెరువు ఘాట్ దిగి కడప పక్కకు వస్తా ఉన్నప్పుడు పెడల్ మెత్తబడింది. తొక్కిన ప్రతిసారీ హోస్ అక్కడ పుండు మాదిరి ఉబ్బింది. మూడో మలుపులో పగిలింది, పెడల్ నేలకు పోయింది. ముందు చక్రాల నూనె పోయినా వెనక చక్రాల లైను వేరేగా ఉండబట్టి, ఆ డ్రైవరు పిల్లోడు కంగారు పడకుండా రెండో గేరులోకి దించి, హ్యాండ్ బ్రేకు లాగుతా కొండ పక్క మట్టికట్టకు ఆనించి ఆపినాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ హోస్ విప్పి చేతిలో పట్టుకొని చూసినా. అరిగిన చోట స్టడ్డు మరల గుర్తులు గీతలు గీతలుగా, దువ్వెన పళ్ళ మాదిరి వరసగా పడి ఉన్నాయి. తప్పు తీగది కాదు, నాది. బార్ కొసలు ఎక్కడ తిరుగుతాయో చూడలేదు, స్టీరింగ్ రెండు పక్కలా చివరి దాకా తిప్పి చూడలేదు, లింకులు బార్‌కే వేలాడనిచ్చినా.

అందుకే నువ్వు బార్‌ను తీగతోనో ప్లాస్టిక్ టై తోనో కట్టి పోతానంటే ఒప్పుకోను. పిన్ను లింకులు విప్పినప్పుడు బార్ చేతులు రెండింటికీ ఛాసిస్ మీద వేరువేరుగా రబ్బరు పట్టీ ఉన్న క్లాంపు ఉండాల, ఒకటి వదిలినా రెండోది మోసేటంత గట్టిగా. లింకు ముక్క ఏదీ బార్‌కు వేలాడకూడదు, తీసి డబ్బాలో వెయ్యి. అంత ఏర్పాటు లేకుంటే బుష్ బ్రాకెట్లు కూడా విప్పి బార్‌ను మొత్తంగా తీసి వెనక సీటు వెనకాల పండబెట్టు. ఖాళీ మరలకు గ్రీజు రాసి బోల్టులు తిరిగి వేసి పెట్టు, లేకుంటే బురద పట్టి తిరిగి ఎక్కవు.

విప్పిన తర్వాత, కదిలే ముందు, ఒక ముందు చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి వంకరగా నిలిపి కిందికి దూరి చూడు. వేలాడే చక్రం దగ్గర బ్రేకు హోస్, ఏబీఎస్ వైరు ఇంకో అంగుళమన్నా వదులుగా ఉండాల, తీగ మాదిరి బిగుసుకుపోకూడదు. కాయిల్ స్ప్రింగు పైకొస దాని గిన్నెలో కూర్చొనే ఉందా, జారి వంకర తిరిగిందా చూడు. చక్రం వేలాడే కొద్దీ దాన్ని ఆపేది షాకు మాత్రమే అయితే, షాకు చివరి దాకా సాగి కొట్టుకొని కొన్నాళ్ళకే కారుతుంది. పైకి లేచిన చక్రం దగ్గర టైరు మడ్‌గార్డుకు తగలకముందే బంప్ స్టాప్ అనే ఆపుడు రబ్బరు దిమ్మె తగలాల. స్టీరింగ్ ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి మళ్ళీ చూడు. ఈ ఒక్క పని ఒకరు తిప్పుతా ఉంటే ఇంకొకరు టార్చి పట్టుకొని చూసేది, ఒంటరిగా చెయ్యొద్దు.

ఆర్సీలో ఉన్న దానికి భిన్నంగా బండిని మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. లిఫ్ట్ సంగతి ఇన్సూరెన్సు వాళ్ళతో ముందే మాట్లాడు. అడవిలోకి పర్మిషన్ లేకుండా పోవద్దు.

పైన క్యారియర్ మీద ఏమీ పెట్టుకోకుండా, బార్ కలిపే ఉంచి, ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందే మీ అమ్మతో రా. ఘాట్ సెకండ్ గేర్‌లో దిగు. షెడ్డు ముందు గచ్చు ఊడ్పించి పెడతా. పాత లింకులు రెండూ పారెయ్యకుండా తీసుకురా, వాటి పొడవు కొలిచే కొత్తవాటికి కొలత ఇవ్వాల. క్లాంపులకు రబ్బరు పట్టీ నా దగ్గర ఉంది.

మీ మామ