పదిమంది కొన్నారంటే పదిమంది చూసినట్టేనా?

ప్రశ్న: మారతహళ్లిలో 26 వేల అద్దెకు ఉంటున్నాం. ఆఫీసులో తెలుగువాళ్లు పదిమంది ఒకే ప్రాజెక్టులో ఫ్లాట్లు బుక్ చేశారు. ధర 80 లక్షలు. ముందు 16 లక్షలు కట్టాలట, అగ్రిమెంటు తర్వాతట. 'బ్యాంకే లోన్ ఇస్తుంటే నీకేంటి అనుమానం?' అంటారు మా బావగారు. కాగితాలు నేనే చూసుకుంటానంటే అతి తెలివంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ పదిమందినీ విడివిడిగా అడగండి, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఎవరు చూశారని. ఒకరు చూసి, మిగతావాళ్లు ఆయన్ని చూసి కట్టి ఉంటే మీకు అందింది ఒక్కడి మాటే. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు భద్రమా అని. కట్టడం నిలిచిపోయినా మీ కిస్తీ నిలవదు. 60 లక్షల లోన్ మొత్తం విడుదలైతే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లపాటు నెలకు సుమారు 52 వేలు. తాళాలు చేతికొచ్చేదాకా అద్దె అదనం.

16 లక్షల దగ్గరే ఆగండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ లెక్కన 8 లక్షలు.

కర్ణాటక రెరా సైట్‌లో మంజూరైన ప్లాను, పూర్తిచేస్తామన్న తేదీ మీరే చూడొచ్చు. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో ఈసీ తీయొచ్చు. అక్కడ దొరకని పాత ఏళ్లకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. ఫారం 15లో రిజిస్టరైన లావాదేవీలుంటాయి. ఫారం 16 వస్తే ఆ కాలంలో అలాంటివి లేవని. అది చూసి నిశ్చింతగా ఉండకండి, రిజిస్టర్ చేయని ఒప్పందాలు, చాలా కోర్టు కేసులు ఈసీకి ఎక్కవు.

సొంత తెలివి బోల్తాపడేది దస్తావేజుల దగ్గర. కన్నడ లిపి మనది లాగే ఉంటుంది, కూడబలుక్కుని చదివేస్తాం. 'భోగ్య' అని కనబడితే మనకు భోగం తోస్తుంది. అక్కడ దానర్థం, ఏకమొత్తం పుచ్చుకుని, అది తిరిగిచ్చేదాకా ఇల్లో పొలమో అప్పగించడం. టైటిల్, అంటే యాజమాన్య హక్కు తేల్చే పని మాత్రం మీరు ఫీజిచ్చి పెట్టుకున్న లాయరుకే వదలండి, బిల్డరు చూపించిన మనిషికి కాదు.

ఇంకొకటి. మోడల్ ఫ్లాటులో అడుగుపెట్టకముందే, ఏమేం తేడా వస్తే వద్దనుకుంటారో కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికివ్వండి. బాల్కనీ చూశాక లోపాలకు సాకులు మనమే వెతుకుతాం. తర్వాత అగ్రిమెంటు నమూనా అడగండి. 'ముందు డబ్బు కట్టండి, అప్పుడిస్తాం' అంటే మీ ఆవిడ దగ్గరున్న కాగితం తెరవాల్సిన పనే ఉండదు.