సముద్రాన్ని షోరూమ్‌లోకి తెచ్చే పనితో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతోంది. భీమిలి తీరం, ఎర్రమట్టి దిబ్బలు బొమ్మలు గీసుకుంటూ, షోరూముల్లో అలాంటి డిస్‌ప్లేలు చేస్తానంటోంది. అందుకు ఆరు నెలల ‘ఎక్స్‌పీరియన్స్ డిజైన్’ డిప్లొమా చూసుకుంది. మేం మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ సీటు మాట్లాడి పెట్టాం. కొట్లు అలంకరించడం కూడా ఒక ఉద్యోగమేనా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను గానీ, మీ దిగులు వేరే ఉంది. ఈ పనితో పిల్ల తన కాళ్ల మీద నిలబడుతుందా, చుట్టాలు అడిగితే ఏమని చెప్పుకోవాలి అని కదండీ? పని నేర్చుకుంటే తప్పకుండా నిలబడుతుంది. చుట్టాలకు రీటెయిల్ డిజైనర్ అని చెప్పండి, చాలు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పిల్లను అడగకుండా సీటు మాట్లాడేసి, ఆ తర్వాత మమ్మల్ని పోల్చమనడం న్యాయం కాదు. కోడింగ్ మీద మనసు లేని పిల్లకు నాలుగేళ్ల ఫీజు కట్టడం భద్రత అనిపించుకోదు. మీరు ‘కొట్లు అలంకరించడం’ అని తేలిగ్గా తీసేసిన పనిలో ఏముందో ఒకసారి చూడండి.

ఒక చీరల షోరూమ్‌లో ఉప్పాడ జామ్‌దానీలకు ఇసుక దిబ్బల విండో, అంటే రోడ్డు వైపు అద్దం వెనక డిస్‌ప్లే, కావాలన్నారనుకుందాం. ఆరడుగుల పొడవు, మూడడుగుల లోతు. రెండంగుళాల మందాన ఇసుక పోద్దామనేది అందరికీ తట్టే ఆలోచనే. లెక్క వేస్తే అది దాదాపు 130 కిలోలు. ప్లై ప్లాట్‌ఫామ్ కుంగుతుంది, ఇసుక జారి టైల్స్ మీద పడుతుంది, కస్టమర్ కాలు జారుతుంది. అది బీచ్ నుంచి తెచ్చిన ఇసుకైతే ఇంకా ప్రమాదం. అందులోని ఉప్పు గాలిలో తేమను లాగుతుంది, ఇనుప ఫ్రేమ్ తుప్పు పడుతుంది, పట్టు అంచుకు మరక దిగుతుంది. పైగా తీరంలో ఇసుక తవ్వి తేవడం చట్టవిరుద్ధం. ఎర్రమట్టి దిబ్బల నుంచైతే గుప్పెడు మట్టి కూడా తీసుకోకూడదు, అది రక్షిత భూవారసత్వ స్థలం. పగడాలు, సీ ఫ్యాన్లు (విసనకర్రలా ఉండే పగడం జాతి జీవులు), కొన్ని రకాల గవ్వలు, శంఖాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తాయి. వాటిని డిస్‌ప్లేలో పెడితే చిక్కుల్లో పడేది షాపు యజమానే.

పని తెలిసినవాళ్లు దిబ్బ ఆకారాన్ని 12 ఎం.ఎం. ప్లై పట్టీలుగా కోయించి, అడుగుకొకటి నిలబెట్టి, పైన ఫ్లెక్సీ ప్లై వంచి కొడతారు. దాని మీద ఇసుక రంగు పెయింట్ వేసి, ఆరాక తెల్ల ఫెవికాల్ పూసి, కడిగి ఆరబెట్టిన ముతక ఇసుకను జల్లెడతో చల్లుతారు. మర్నాడు విడి రేణువులు బ్రష్‌తో దులిపి, ఇంకో పూత వేస్తారు. మూడు ఎం.ఎం. పొరకు పట్టే ఇసుక ఎనిమిది కిలోలే. ప్లైకి బదులు థర్మోకోల్ వాడితే తేలికే, కానీ సాల్వెంట్ ఉన్న జిగురు పూస్తే అది కరిగి గుంటలు పడుతుంది. పైగా నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి చాలా మాల్స్ ఒప్పుకోవు.

ఆకారానికీ లెక్క ఉంది. గాలి వచ్చే వైపు దిబ్బ మెల్లగా, సుమారు 10 నుంచి 15 డిగ్రీల వాలుతో ఎక్కుతుంది. అవతలి వైపు నిటారుగా దిగుతుంది, అయినా పొడి ఇసుక 34 డిగ్రీలు దాటితే నిలవదు. రెండు వైపులా సమానంగా కట్టిన దిబ్బ చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా బొమ్మలా కనిపిస్తుంది. ఇసుక మీది అలల గీతలు గాలికి అడ్డంగా పడాలి. వాటిని చూపించడానికి లైటు పక్క నుంచి, కిందికి వంచి వేయాలి. నెత్తిన లైటు పెడితే గీతలన్నీ మాయం. పగలు బయటి వెలుతురు ఎక్కువగా ఉంటే అద్దంలో చీరలు కనిపించవు, రోడ్డే కనిపిస్తుంది. దానికి తగ్గట్టు లోపల వెలుతురు పెంచాలి.

మీ అమ్మాయికి సముద్రం మీద ప్రేమ ఉంది, మంచిదే. జీతం మాత్రం ఈ లెక్కలకు వస్తుంది.

ఇక ఆ ఆరు నెలల డిప్లొమా. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఫొటోలకు పనికొచ్చే ‘బీచ్ థీమ్’ షాపులు ఇప్పుడు ఫ్యాషన్. థీమ్ సీజన్‌తో మారిపోతుంది. నిన్నటి అలలు, తాటాకులు చెత్తలోకి పోతాయి, పండక్కి వేరే అవతారం కావాలి. మూడ్‌బోర్డులు (రంగులు, ఫొటోలు అతికించిన ఐడియా బోర్డులు), రెండర్లు (కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు) నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులో కార్పెంటర్‌కు ఇచ్చే డ్రాయింగ్, ఖర్చు అంచనా, షాపు మూసిన రాత్రే ఇన్‌స్టాల్ చేసి పొద్దున తెరిచేలోగా ముగించే ప్లానింగ్ ఉంటాయా అని అడగండి. వర్క్‌షాప్ చూపించమనండి. పాత విద్యార్థుల రెండర్లు వద్దు, కట్టిన పనుల ఫొటోలు అడగండి. ఇవేవీ చూపించకపోతే డబ్బు కట్టకండి. ఈ విషయంలో తప్పు అమ్మాయిది కూడా, తనకీ ఈ పేరా చదివించండి.

దారుల సంగతి క్లుప్తంగా. అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఎగ్జిబిషన్ డిజైన్, నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ)లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ ఈ పనికి దగ్గరివి. హైదరాబాద్‌లోనూ నిఫ్ట్ ఉంది. ఎంపీసీ కాబట్టి ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్ కూడా తెరిచే ఉంది, మీ భయానికి అదే మంచి మందు. ఆర్కిటెక్ట్‌గా రిజిస్టర్ అయ్యాక రీటెయిల్ చేయొచ్చు, మ్యూజియం, ఇళ్లు, ఆఫీసులు కూడా చేయొచ్చు. సీఎస్ఈతో పోలిస్తే క్యాంపస్ నియామకాలు తక్కువ, మొదట్లో జీతం తక్కువ, రాత్రి పని, ప్రయాణాలు ఎక్కువ, అవకాశాలు విశాఖలో కన్నా హైదరాబాద్, బెంగళూరు, ముంబైల్లో ఎక్కువ. రీటెయిల్ మందగించినా స్టాళ్లు, స్టేజీ సెట్లు, ఇంటీరియర్లలో ఇదే చేతిపని నడుస్తుంది. పిల్ల రోడ్డున పడదు.

పరీక్షలయ్యాక తనతో ఒక పని చేయించండి. పైన చెప్పిన విండోను పదో వంతు కొలతలో అట్టముక్కలతో కట్టమనండి. 18 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల లోతు. ముందు దగ్గర్లో ఒక చీరల షాపుకు టేపు పట్టుకుని వెళ్లి, యజమాని అనుమతితో అసలు విండో కొలవాలి. మోడల్‌తో పాటు వస్తువుల జాబితా, బరువు, ఖర్చు, ఎవరు ఎన్ని గంటల్లో కడతారో ఒక పేజీ రాయాలి. మోడల్ కట్టి, పేజీ రాసేటప్పుడు విసుక్కుంటే ఇంకా ఆలోచించుకోమనండి. ఆ పేజీని కూడా రెండుమూడు సార్లు కొట్టేసి రాస్తే, సీఎస్ఈ కాలేజీకి ఫోన్ చేసి సీటు వద్దని చెప్పేయండి. టేపు రెండో చివర పట్టుకోవడానికి మీరే వెళ్లండి, అమ్మగారిని పంపకండి.