ఏరుకీ రాద్వోకీ చుట్టరికం ఉందా?

సందేహం: పోలిష్ భాషలో దున్నడాన్ని 'ఒరాచ్' అనీ, పాతకాలపు నాగలిని 'రాద్వో' అనీ అంటారట. మన ఏరువాకలోని 'ఏరు'కీ వీటికీ మూలం ఒకటేనా?

సమాధానం: కాదండీ. రేఫ కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. 'ఒరాచ్'కి తోబుట్టువులు లాటిన్ 'అరారె', లిథువేనియన్ 'అర్తి'. గ్రీకులో నాగలి 'అరోట్రోన్'. ఐరోపా అంతా పాకిన ఈ ధాతువు, దున్నడమనే అర్థంలో సంస్కృతంలో కనబడదు. ఋగ్వేదం 4వ మండలం 57వ సూక్తంలో 'శునం కృషతు లాంగలమ్' అన్నారు. దున్నడానికి కృష్, నాగలికి లాంగలం. మన కృషి, కర్షకుడు ఆ కృష్ పిల్లలే. అంటే సంస్కృతం మీదుగా 'ఏరు' మనకు వచ్చే దారే లేదు. అది అచ్చంగా ద్రావిడం, తమిళంలో 'ఏర్'. ఎద్దులు పూన్చిన నాగలి అని అర్థం. (నదిని చెప్పే 'ఏఱు' వేరు, దానిది బండి ఱ.)

ఇక 'రాద్వో'. రాతలో చివర ఉన్నది అడ్డగీత కొట్టిన ల, నేటి పలుకుబడిలో అది వ అయింది. పోలిష్, రష్యన్‌లకు తల్లి అయిన పాత స్లావిక్‌లో దీని రూపం 'ఒర్‌ద్లొ'. 'ఒర్' దున్నడం, 'ద్లొ' పనిముట్టును చెప్పే ప్రత్యయం. కడగడం 'మిచ్' అయితే సబ్బు 'మిద్వో', కుట్టడం 'షిచ్' అయితే ఆరె 'షిద్వో'. రష్యన్‌లో ఈ ద జారిపోయి రాలో, మీలో, షీలో అయ్యాయి. పోలిష్ మాత్రం దాన్ని వదల్లేదు.

మరి 'ఒర్' కాస్తా 'రా' ఎలా అయింది? ఇది తెలుగువాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. తమిళులు 'ఉరల్' అంటారు, మనం రోలు అంటాం. వాళ్ల 'ఉలక్కై' మన రోకలి. మొదటి అచ్చు వెనక్కి తగ్గి, హల్లు ముందుకొచ్చింది. స్లావిక్‌లోనూ అదే వరస. మీరు వెతికిన చుట్టరికం దొరకలేదు గానీ, ఈ వర్ణవ్యత్యయం మాత్రం దొరికింది. నాకైతే ఇదే ఎక్కువ ముచ్చటగా ఉంది.

ఇంకో మాట. 'రాద్వో' మన కర్రనాగలిలా నేలను గీరుతుందే తప్ప మట్టిని తిరగెయ్యదు. తిరగేసే రెక్కనాగలికి పోలిష్‌లో వేరే పేరుంది, 'ప్వుగ్' అని రాసి 'ప్వుక్' అని పలుకుతారు. అది జర్మానిక్ భాషల నుంచి తెచ్చుకున్న మాట. జర్మన్ 'ప్ఫ్లూక్', ఇంగ్లీషు 'ప్లౌ' దాని బంధువులే. అయినా రాద్వో పేరు పొలం దాటిపోలేదు. బంగాళాదుంప చేలో మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోసినప్పుడు లేచే బోదెను ఇప్పటికీ 'రెద్‌లీన' అనే అంటారు.