లింకన్ పంటినొప్పి

అమ్మా,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బానిసత్వాన్ని ఎదిరించిన అమెరికా రాజకీయ నాయకుల సొంత ఉత్తరాల మీద రాయాలనుకోవడం బాగుంది. కానీ నీ లింకన్ పుట్టుకతోనే శిలావిగ్రహంలా ఉన్నాడు. కారణం తెలుస్తూనే ఉంది: ఒక్క ఉత్తరం చదివి కలం పట్టావు.

1855 ఆగస్టు 24న మిత్రుడు జాషువా స్పీడ్‌కు రాసిన ఉత్తరం అది. 1841లో ఇద్దరూ లూయివిల్ నుంచి సెయింట్ లూయిస్‌కు స్టీమరులో వెళ్లారు. అందులో పది పన్నెండు మంది బానిసలు సంకెళ్లతో ఉన్నారు. ఆ దృశ్యం తనను ఎడతెగకుండా వేధించిందంటాడు లింకన్. నువ్వు ఆ మాట ఎత్తి రాసుకుని, దాని కింద రెండు పేరాల ఆవేశం పోశావు.

ఇప్పుడు అదే ప్రయాణం గురించి 1841 సెప్టెంబరు 27న లింకన్, స్పీడ్ సవతి అక్క మేరీకి రాసిన ఉత్తరం చదువు. ఆరుగురేసి చొప్పున గొలుసుకు కట్టారట. ఒక్కొక్కరి ఎడమ మణికట్టుకు చిన్న ఇనుప కడియం, దాని నుంచి పొట్టి గొలుసు, అది పెద్ద గొలుసుకు. వరుస గాలాల తాడుకు చిక్కిన చేపల్లా ఉన్నారంటాడు. తల్లిదండ్రులకు, భార్యాపిల్లలకు శాశ్వతంగా దూరం చేసి తీసుకుపోతున్నారనీ రాశాడు. ఆ వెంటనే, స్టీమరులో అందరికంటే ఉల్లాసంగా ఉన్నది వాళ్లేనంటాడు! భార్య మీద మరీ ప్రేమగా ఉండడమే నేరమై అమ్ముడుపోయినవాడు ఇంచుమించు ఆగకుండా ఫిడేలు వాయించాడట. ఇక తర్వాత తన పంటినొప్పి. పన్ను పీకిస్తే దవడ ఎముక ముక్క కూడా ఊడి వచ్చిందట.

ఇబ్బందిగా ఉందా? ఉండాలి.

ఉత్తరం ఎవరికి రాశాడన్నది ముందు చూడు. మేరీది బానిసల చాకిరీ మీద సాగే ఇల్లు. లింకన్ అక్కడ కొన్ని వారాలు అతిథిగా ఉండి వచ్చాడు. పద్నాలుగేళ్ల తర్వాత కాన్సస్‌లో బానిసత్వాన్ని అనుమతించాలా వద్దా అన్న గొడవ మీద మిత్రుడితో వాదిస్తున్న గొంతు వేరు. మొదట దాచుకున్నాడా, తర్వాత జ్ఞాపకమే పదునెక్కిందా? తీర్పు చెప్పే తొందర నీకెందుకు? రెండింటినీ పక్కపక్కన పెట్టు.

"ఉభయ కుశలోపరి" దాకా దాటేసి చదివే అలవాటు మనందరిదీ. మా తాతగారి కార్డుల్లో గేదె ఈనిన కబురు వదిలేసి, అప్పు సంగతి మాత్రం రాసుకున్న తెలివి నాది. ఆ అప్పు గేదె కోసమే చేశారని చాలా ఏళ్లకు తెలిసింది.

ఆ ఫిడేలు మనిషి పేరు లింకన్ రాయలేదు. నీ వ్యాసంలోనేమో అతను "బానిసలు" అనే బహువచనంలో కలిసిపోయాడు. ఒక పేరా అతనికివ్వు. అతని మనసులోకి మాత్రం దూరకు. కడియం ఎడమ మణికట్టుకు కదా. ఫిడేలు తీగల మీద వేళ్లు నడవాల్సిందీ ఆ చేతివే. అంత చాలు.

ఇంకొకటి. 1855 ఉత్తరం చివర, ఈ విషయంలో నీకంటే నీ భార్య సానుభూతే నాకు ఎక్కువ అని స్పీడ్‌ను చిన్నగా పొడుస్తాడు. అయినా ఎప్పటికీ నీ మిత్రుణ్ణే అని సంతకం పెడతాడు. నువ్వు వాటిని అప్రస్తుతమని కొట్టేశావు. తిరిగి పెట్టి పంపు. దసరా లోపు చదివి జవాబు రాస్తాను.